హరిలాల్ గారు కాపాడిన ఖాళీ గది

కాబట్టి ఆ తేదీ నుంచే మొదలుపెట్టాలి, ఆ తేదీ మీద నాకెంత అనుమానం ఉన్నా సరే. 1989 ఆగస్టు తొమ్మిది, అపరాహ్నం. శ్రీ గుగులోతు హరిలాల్ గారు మొగుళ్లపల్లి మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులుగా విధుల్లో చేరింది అప్పుడేనని కార్యాలయ రికార్డు చెబుతున్నది. అపరాహ్నం అన్న ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. కొత్తగా ఉద్యోగం వచ్చిన ఇరవై నాలుగేళ్ల యువకుడు ఉదయమే వెళ్లి చేరతాడు. మధ్యాహ్నం చేరితే ఆనాటి జీతం పోతుంది, సీనియారిటీలో పొద్దున చేరినవాళ్లందరి వెనుక నిలబడవలసి వస్తుంది. తెలిసి తెలిసి ఎవరూ చేయని పని ఆయన ఎందుకు చేసినట్టు?

అభినందన వ్యాసాన్ని ఇలాంటి ప్రశ్నతో ప్రారంభించకూడదని నాకు తెలుసు. జనగామలోని మా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో విద్యా మనోవిజ్ఞానం బోధించే నేను ఇంతకుముందు వెలువడిన వీడ్కోలు సంచికలన్నీ చదివాను. అందులో అందరూ మృదుభాషులే, అందరూ సమయపాలన తప్పనివారే. చెడ్డవారెవరూ ఇంతవరకు పదవీ విరమణ చేసిన దాఖలా లేదు. అందుకే ఈ వ్యాసంలో హరిలాల్ గారిని గురించి రాసిన ప్రతి మంచి మాటనూ ముందు అనుమానించి, విచారించి, నిలబడిన తర్వాతే రాశాను. సహోద్యోగిగా ఆయనకు నేను చేయగలిగిన గౌరవం అదొక్కటేనని సవినయంగా మనవి చేస్తున్నాను.

ముందుగా ఆ అపరాహ్నం సంగతి ఆయననే అడిగాను.

"పొద్దుగాల్నే పోయిన సార్," అన్నారు హరిలాల్ గారు. "హెడ్మాస్టర్ సారు రాలే. రిజిస్టర్ బీరువాల ఉన్నది, బీరువా తాళం సారు జేబుల ఉన్నది. పిల్లలేమో వచ్చి కూసున్నరు. ఊకె కూసుండుడెందుకని పాఠం చెప్పిన."

"ఏం పాఠం?"

"గాలి పాఠం. గ్లాసు అడుగుకు కాగితం కుక్కి, బోర్లిచ్చి నీళ్లల్ల ముంచిన. గ్లాసుల ఏమున్నదిరా అంటె అందరు ఏం లేదు సార్ అన్నరు. ఏం లేకపోతె నీళ్లెందుకు పోలే లోపలికి?"

నాకు నమ్మకం కుదరలేదు. ఉద్యోగానికి మొదటి రోజు ఎవరికైనా ఇంత చక్కగా అమరుతుందా? ఆ ఊరివాడైన మా పూర్వ విద్యార్థి ఒకరికి ఫోన్ చేస్తే, అతడి తండ్రి ఆనాడు ఆ తరగతిలోనే ఉన్నాడని తెలిసింది. అది స్టీలు గ్లాసట. లోపల ఏం జరిగిందో ఎవరికీ కనబడలేదట. కానీ కాగితం పొడిగా బయటికి వచ్చిందనీ, దాన్ని పిల్లలందరూ పట్టుకుని చూశారనీ ఆ పెద్దమనిషి ఫోన్‌లోనే సాక్ష్యం చెప్పాడు. ఆ విధంగా మొదటి అనుమానం తీరింది. అర్ధదినం సేవ రికార్డుకు ఎక్కకుండానే మొదలైన ఉద్యోగం ఆయనది.

హరిలాల్ గారి జన్మస్థలం నెల్లికుదురు మండలంలోని ఒక తండా. తండ్రి టీక్యా గారు, తల్లి కమలాబాయి గారు. ఇంట్లో మాట్లాడే భాష వేరు, బడిలో చదివే భాష వేరు. ఐదవ తరగతి తర్వాత ఆయన వసతిగృహంలో ఉండి చదువుకున్నారు. వానాకాలం పంట ఇంటికి చేరాక తండాలో సగం మంది పనులు వెతుక్కుంటూ దూరప్రాంతాలకు వెళ్లేవారు. సెలవులకు ఇంటికి వచ్చే పిల్లవాడికి తాళాలు వేసిన తలుపులు, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు కనిపించేవారు. ఈ సంగతి ఆయన నాతో చాలా మామూలుగా చెప్పారు. నేను మాత్రం మామూలుగా వినలేదు. మా శాస్త్రం చదివినవాళ్లకు ఒక దురభ్యాసం ఉంటుంది. ఎదుటి మనిషి బాల్యంలో ఒక తాళం కనబడితే చాలు, అతడి జీవితమంతటికీ సరిపడే తాళపుచెవి దొరికిందనుకుంటాం. నాకు దొరికిందనుకున్న చెవి ఏమిటో, అది ఎందుకు పట్టలేదో ముందుముందు చెబుతాను.

మొగుళ్లపల్లి నుంచి పదోన్నతిపై ఆయన సొంత మండలమైన నెల్లికుదురు ఉన్నత పాఠశాలకు భౌతికశాస్త్ర ఉపాధ్యాయులుగా వచ్చారు. అక్కడ పనిచేస్తున్న కాలంలోనే, వరంగల్‌లో జరిగిన ఒక వేసవి శిక్షణలో, గెలాక్సీల నడుమ ఉండే మహా శూన్య ప్రదేశాల గురించి మొదటిసారి విన్నారు. విశ్వంలో గెలాక్సీలు పొలంలో విత్తనాలు చల్లినట్టు అంతటా సమంగా ఉండవు. గుంపులు కట్టి, గోడల మాదిరిగా, దారాల మాదిరిగా అల్లుకుని ఉంటాయి. ఆ గోడల మధ్య మిగిలే ప్రదేశం దాదాపు ఖాళీ. స్వాతి నక్షత్రం కనబడే దిక్కున, ఆ నక్షత్రానికి ఊహకందనంత వెనుక, అలాంటి ఖాళీ ఒకటి ఉన్నదట. వెలుతురు సైతం ఆ అంచు నుంచి ఈ అంచుకు చేరడానికి కోట్ల సంవత్సరాలు ప్రయాణించాలి. వేల గెలాక్సీలు ఉండవలసినంత చోటులో పదుల సంఖ్యలోనే కనబడ్డాయట.

శిక్షణలో అందరూ ఆ అంకెలను రాసుకున్నారు. హరిలాల్ గారు లేచి ఒక ప్రశ్న అడిగారు. ఆ ఖాళీకి నట్టనడుమ ఎవరైనా ఉంటే, వాళ్లకు ఆకాశం ఎట్లా కనబడుతుంది? పాఠం చెబుతున్న పెద్దాయన కాసేపు ఆలోచించి, టీ విరామం ప్రకటించారు.

ఆ విరామం ముగియలేదనే చెప్పాలి. జవాబు కోసం హరిలాల్ గారు కొన్నేళ్లు వెతికారు. చివరికి ఒక శాస్త్రజ్ఞుడి అంచనా దొరికింది. మన పాలపుంత గనుక అలాంటి ఖాళీ నడిమధ్య ఉండి ఉంటే, తక్కిన గెలాక్సీలు ఉన్నాయన్న సంగతే మనకు పంతొమ్మిది వందల అరవైల దాకా తెలిసేది కాదట. అంతవరకు పుట్టిన జ్యోతిశ్శాస్త్రవేత్తలందరూ నిజాయితీగా ఆకాశాన్ని చూసి, నిజాయితీగా లెక్కలు కట్టి, మనం తప్ప విశ్వంలో మరేమీ లేదని నిజాయితీగా రాసి ఉండేవారు.

అనంతరం దేవరుప్పుల మండలానికి బదిలీ అయినప్పుడు ఈ సంగతిని పిల్లలకు సబ్బు నురగతో చూపేవారు. బుడగల పొరలు కలిసే చోటే గెలాక్సీలు, బుడగ లోపలంతా ఖాళీ. మధ్యాహ్న భోజనం వండే రామి గారి దగ్గర పెద్ద తాంబాళం అడిగి తెచ్చుకుని నురగ చేసేవారట. "గిన్నెలు తోమే నీళ్లల్ల లోకం జూపెడ్తున్నవా సారూ? లోకం జూసుడు అయినంక తాంబాళం తోమి పంపియ్యి" అనేవారట ఆమె. తోమి పంపేవారని అక్కడి ఉపాధ్యాయులు ఇద్దరు వేరువేరుగా ధ్రువీకరించారు.

అక్కడి నుంచి పన్నెండేళ్ల క్రితం హరిలాల్ గారు మా కళాశాలకు భౌతికశాస్త్ర బోధనా పద్ధతుల అధ్యాపకులుగా వచ్చారు. రేపు ఉపాధ్యాయులు కాబోయే యువతీయువకులకు పాఠం ఎలా చెప్పాలో నేర్పడం ఆయన విధి. స్టాఫ్ రూములో ఆయన బల్ల నా బల్లకు ఎదురుగా ఉండేది. ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ కలిపితే ఒక మధ్యాహ్నం నిండదు. నేను ఎక్కువగా మాట్లాడేవాణ్ని కాను, ఆయన అవసరమైతేనే మాట్లాడతారు. ఆ మౌనం స్నేహమో, జాగ్రత్తో, ఒకరినొకరు గమనించుకోవడమో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఇక గది విషయం. ఇది రాయకుండా ఆయన గురించి రాయడం సాధ్యం కాదు.

మా ప్రయోగశాల వెనుక కిటికీలు లేని చిన్న గది ఒకటి ఉన్నది. కాంతికి సంబంధించిన ప్రయోగాలకని కట్టించిన చీకటి గది. హరిలాల్ గారు రాకముందు అందులో పాత మ్యాపులు, కాళ్లు విరిగిన బల్లలు, ఎప్పటివో పాఠ్యపుస్తకాల కట్టలు ఉండేవి. ఆయన వచ్చిన మొదటి సంవత్సరమే అనుమతి తీసుకుని వాటన్నింటినీ బయటికి పంపించి, గోడలకు స్వయంగా నల్లరంగు వేసి, తలుపుకు తాళం బిగించారు. చెవి జేబులో వేసుకున్నారు.

ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసినవారికి దీని తీవ్రత తెలుస్తుంది. విలువైన వస్తువున్న గదికి తాళం వేస్తే ఎవరూ పట్టించుకోరు. ఖాళీ గదికి తాళం వేస్తే మాత్రం ఎవరికీ నిద్ర పట్టదు. గణితం బోధించే స్రవంతి మేడమ్ ఒకరోజు అందరి ముందే అడిగారు.

"ఏముంది సార్ ఆ గదిల?"

"ఏం లేదు మేడమ్."

"ఏం లేకపోతే తాళం ఎందుకు?"

"ఏం లేదు కాబట్టే మేడమ్. ఏదన్న ఉంటె ఎవరు ముట్టకపోదురు. ఖాళీ కనబడ్డదంటె మనోల్లు ఆగరు. తలా ఒకటి దెచ్చి పెడతరు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు ఆ జవాబు మరీ సిద్ధంగా ఉన్నట్టు అనిపించింది. ఇంత తొందరగా వచ్చే జవాబు వెనుక అసలు జవాబు వేరే ఉంటుందని మా శాస్త్రం చెబుతుంది. నేను నా సిద్ధాంతాన్ని తయారుచేసుకున్నాను. తాళాలు వేసిన తండా ఇళ్ల ముందు నిలబడిన పిల్లవాడు ఇన్నేళ్ల తర్వాత ఒక ఖాళీ ఇంటిని తన చేతికింద ఉంచుకున్నాడు. ఈసారి తాళం వేసేవాడు తానే, తీసేవాడూ తానే. సిద్ధాంతం ఎంత అందంగా కుదిరిందంటే, ఒకరోజు ఉండబట్టలేక ఆయనకే చెప్పేశాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. తల ఊపారు. "మంచిగున్నది సార్," అన్నారు. "కని మా ఇల్లు జూసినంక చెప్పుండ్రి."

ఆ ఇంటికి నేను ఈ వ్యాసం కోసం వివరాలు సేకరించేందుకు మొన్నమొన్ననే వెళ్లాను. ఆయన శ్రీమతి సుజాత గారు తలుపు తీశారు గానీ, నేను కూర్చోవడానికి చోటు చేయడానికి ఆమెకు కొంత సమయం పట్టింది. కుర్చీల మీద పుస్తకాలు, మంచం కింద పాత పత్రికలు, మెట్ల మీద పనికిరాని ఫ్యాన్లు, విప్పిన రేడియోలు.

"ఇంట్ల జానెడు జాగ ఖాళీ ఉంచడు సార్," అన్నారామె. "ఒక్క డబ్బా పారెయ్యనియ్యడు. కాలేజీల ఏమో ఖాళీ గదికి తాళమేసిండట గదా! మీరు సైకాలజీ సార్ గదా, జర మీరే చెప్పుండ్రి. ఈ మనిషికి ఏమన్న అయిందా?"

నా సిద్ధాంతం ఆ పుస్తకాల గుట్టల మధ్య ఎక్కడో పడిపోయింది. ఖాళీని ప్రేమించే మనిషి ఇల్లు ఇలా ఉండదు. మరి ఆ గది దేనికి? గది పాఠానికే కావాలని ఆయన మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. మనిషి చెప్పినదే నిజమై ఉండవచ్చన్న అవకాశాన్ని నేను చివరగా పరిశీలించాను.

ఆ పాఠాన్ని అంతకుముందే ఒకసారి ఓ మూలన కూర్చుని చూసి ఉన్నాను. ప్రతి సంవత్సరం కొత్త విద్యార్థులు వచ్చాక ఒక పూట ఆయన వాళ్లందరినీ ఆ గదికి తీసుకువెళ్తారు. గోడల వెంబడి నిలబెట్టి, చేతికొక వెలిగించిన అగరుబత్తి ఇస్తారు. తలుపు మూస్తే చీకట్లో ఆ ఎర్రని చుక్కలు తప్ప ఏమీ కనబడవు. అవే గెలాక్సీలు. మధ్యలో ఒకరిని నిలబెడతారు. నేను చూసిన రోజున మధ్యలో నిలబడింది తిరుమల అనే అమ్మాయి. ఆయన చెప్పగానే గోడల దగ్గరివాళ్లు చుక్కలకు అరచేయి అడ్డం పెట్టారు. దూరం ఎక్కువ, వెలుతురు బలహీనం, చూసే కన్ను చిన్నది. అందుకే ఏమీ కనబడదని ఆయన వివరించారు.

"ఇప్పుడు చెప్పు బిడ్డా, లోకంల ఎంతమంది ఉన్నరు?"

"నేనొక్కదాన్నే సార్."

"అబద్ధం చెప్తున్నవా?"

"లేదు సార్. నాకైతె ఎవ్వరు కనబడ్తలేరు."

"నువ్వు అబద్ధం చెప్తలేవు. కని నువ్వు చెప్పింది నిజం గూడ కాదు. ఎట్ల తెలుసుకుంటవు మరి?"

చీకట్లో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు. తర్వాత ఆ అమ్మాయి మెల్లగా అన్నది. "సార్... వాసన వస్తాంది. ఎవరో ఉన్నట్టే ఉన్నది."

ఆ చీకట్లో హరిలాల్ గారు పెద్దగా నవ్వారు. పన్నెండేళ్లలో ఆయన అంత గట్టిగా నవ్వగా నేను విన్నది అప్పుడొక్కసారే. "గదే బిడ్డా! గదే ఖగోళశాస్త్రం! కండ్లకు కనబడకపోతె ముక్కుతోని పట్టుకోవాలె!" గోడల దగ్గరివాళ్లందరూ అరచేతులు తీసేశారు. ఎర్రని చుక్కలు ఒక్కసారిగా చుట్టూ మెరిశాయి.

ఇప్పుడు నీతి చెబుతారని నేను ఎదురుచూశాను. భాష రాక, అర్థం కాక, తరగతి మధ్యలో ఒంటరిగా కూర్చునే పిల్లల గురించి ఒక మాట తప్పకుండా వస్తుందనుకున్నాను. అది ఆయన బాల్యమే గదా. వస్తే దాన్ని అనుమానించడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. రాలేదు. విక్రమ్ అనే విద్యార్థి తలుపు తీస్తూ అడిగాడు.

"గిది పరీక్షల వస్తదా సార్?"

"రాదు."

"మరి దీంట్ల నీతి ఏంది సార్?"

"నీతేం లేదురా. ఖాళీ ఉన్నది, గంతే. ఉన్నదని తెల్వాలె."

ఒకే ఒకసారి ఆయన ఈ విషయాన్ని తమ ఊరితో కలిపి మాట్లాడారు. బరువు ఎక్కువ ఉన్న వైపే ఆకర్షణ ఎక్కువ కాబట్టి, ఆ మహాశూన్యాల్లో మిగిలిన కొద్దిపాటి పదార్థం కూడా మెల్లగా అంచుల వైపు జారిపోతుందనీ, ఖాళీ అంతకంతకూ ఇంకా ఖాళీ అవుతుందనీ చెబుతూ, "మా తండా గూడ గంతే సార్, ఉన్నోల్లందరు పట్నం దిక్కే గుంజుకపోయిండ్రు" అన్నారు. అని, ఆ వెంటనే లచ్చయ్యను పిలిచి చాయ్ తెమ్మన్నారు. లచ్చయ్య మా కళాశాల అటెండరు. బాధను దాచుకోవడానికే లచ్చయ్యను పిలిచారా, నిజంగా చాయ్ కోసమే పిలిచారా అని ఆ రోజంతా ఆలోచించాను. చాయ్ కోసమే అయి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను. పూర్తిగా కాదు.

గత నెల జరిగిన సిబ్బంది సమావేశంలో ఈ గదికి ఆపద వచ్చింది. హరిలాల్ గారి స్థానంలో ఇంకా ఎవరినీ నియమించలేదు. ఎవరో ఒకరు ప్రయోగశాల బాధ్యత తీసుకుని, తాళపుచెవులు అందుకోవాలి. మా ప్రిన్సిపల్ జగపతి గారు సహృదయులు, కానీ వరండాలో గుట్టగా పడి ఉన్న విరిగిన బెంచీలు వారిని బాధిస్తున్నాయి.

"తనిఖీకి వచ్చినోల్లు గీ బెంచీలు జూస్తె ఏమనుకుంటరు?" అన్నారు వారు. "హరిలాల్ సార్ ఎట్లాగూ పోతాండు. ఆ చీకటి గదిలకు కొడితె ఒడిసిపోతది గదా?"

హరిలాల్ గారు చేతిలోని చెవిని బల్ల మీద పెట్టి, దానివైపే చూస్తూ కూర్చున్నారు. ఆ గది నిండిపోతే ఆ పాఠం ఇక ఎక్కడా జరగదని సమావేశంలో కూర్చున్న అందరికీ తెలుసు. ప్రిన్సిపల్ గారికి కూడా తెలుసు కాబట్టే మాట మార్చారు. "సరె, చార్జి ఎవరు తీసుకుంటే గది సంగతి వాళ్లే తేలుస్తరు. ఎవరు తీసుకుంటరు?"

ఎవరూ తీసుకోలేదు. "వద్దు సార్, రేపు ఆడిట్ల ఒక్క లెన్సు తక్కువొచ్చినా నా మెడకు సుట్టుకుంటది" అన్నారు స్రవంతి మేడమ్. మిగతావారు తమ తమ తరగతుల భారాన్ని వివరించారు. అప్పుడు హరిలాల్ గారు తలెత్తి, "సైకాలజీ సారు తీసుకుంటె మంచిగుంటది" అన్నారు.

అందరూ నావైపు చూశారు. ఎందుకు నేనే? పన్నెండేళ్లు ఎదురెదురుగా కూర్చుని మధ్యాహ్నమంత కూడా మాట్లాడుకోని మనిషి నా పేరు ఎందుకు చెప్పారు? ప్రయోగశాలలో లోటేదైనా ఉండి నా తలకు చుడుతున్నారా? నా సిద్ధాంతానికి ఇది ప్రతీకారమా? ఒక మనిషి మనల్ని నమ్మడం కంటే అనుమానించదగ్గ విషయం మరొకటి లేదు. ఆలోచించి చెబుతానన్నాను.

సమావేశం అయ్యాక ఆయనతో పాటు ప్రయోగశాలకు వెళ్లి, లెన్సులు, అద్దాలు, అయస్కాంతాలు ఒక్కొక్కటీ చూశాను. అన్నీ సక్రమంగా ఉన్నాయి. చివరికి చీకటి గది తలుపు దగ్గర నిలబడ్డాం.

"లోపలికి పోతరా?" అన్నారు.

వెళ్లాను. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. తలుపు మూసుకోగానే నా చేయి నాకే కనబడలేదు. గది మధ్య అనుకున్న చోట నిలబడ్డాను. అగరుబత్తుల వాసన కూడా లేదు, ఈ ఏడాది పాఠం ముగిసి నెలలు గడిచాయి. బయట అడుగుల చప్పుడు దూరమై ఆగిపోయింది. ఆయన వెళ్లిపోయారేమోనన్న ఆలోచన వచ్చింది. ఆ వెంటనే, తాళం వేసి వెళ్లిపోయారేమోనన్న ఆలోచన వచ్చింది. తలుపు తోసి చూస్తే తెలిసిపోతుంది. తోయలేదు. నా బల్ల వెనుక నేను ఏళ్ల తరబడి నిలుపుకున్న నిశ్శబ్దం ఇలాంటిదేనని, నాకు ఎవరూ కనబడలేదు కాబట్టి ఎవరూ లేరని నేనూ నిజాయితీగానే లెక్క కట్టుకున్నానని, అక్కడ నిలబడినప్పుడు తోచింది. అప్పుడు గోడ అవతలి నుంచి మాటలు వినబడ్డాయి.

"సైకాలజీ సారు యాడికి పాయె? చాయ సల్లారుతాంది," అంటున్నాడు లచ్చయ్య.

"లోపల్నే ఉన్నడు."

"చీకట్ల ఏం జేస్తాండు?"

"ఏం జేస్తలేడు. ఉండనీ. నువ్వు చాయ మీద మూత వెట్టు."

బయటికి వచ్చి, మూత తీసి చాయ్ తాగాను. ఇంకా వేడిగానే ఉన్నది. తాగుతూ సూటిగా అడిగాను, నా పేరే ఎందుకు చెప్పారని.

హరిలాల్ గారు కప్పు కింద పెట్టారు. "అందరు మంచోల్లే సార్. గదే పరేషాన్. ఎవలన్న వచ్చి 'రెండే రెండు బెంచీలు వెడతం, రేపు పొద్దుగాల తీస్తం' అంటె మిగిలినోల్లు నమ్ముతరు. నమ్మి తాళం తీస్తరు. మీరు నమ్మరు. ఇన్నేండ్ల సంది ఎదురుంగ కూసోని జూస్తున్న గదా, మీరు ఎవ్వల మాట నమ్మరు. ఆ గదికి గసుంటి మనిషే గావాలె."

ఇన్నేళ్లు నేనొక్కణ్నే గమనిస్తున్నాననుకున్నాను. నా స్వభావంలో పనికిరానిదని ఇంటా బయటా విన్న ఆ ఒక్క గుణంలో ఒక ఉపయోగం చూసిన మొదటి మనిషి హరిలాల్ గారు. ఆయన మాటనూ ఇంటికి వెళ్లే దారిలో బస్టాండు దాకా అనుమానించాను. ఎటు తిప్పి చూసినా అందులో పొగడ్త కనబడలేదు. మరునాడు చార్జి తీసుకుంటున్నట్టు ప్రిన్సిపల్ గారికి తెలియజేశాను. గది సంగతి కూడా తేల్చాను. బెంచీలకు వేరే చోటు చూడవలసి ఉంటుందని వారికి విన్నవించాను. వారు నిట్టూర్చి, సరేనన్నారు.

ఈ జూన్ నెలాఖరున హరిలాల్ గారు పదవీ విరమణ చేసి, మానుకోట పట్టణంలో స్థిరపడబోతున్నారు. ఆయన దగ్గర శిక్షణ పొందినవారు ఈ మూడు జిల్లాల్లోని ఎన్నో బడుల్లో ఇవాళ పాఠాలు చెబుతున్నారు. ఎవరి తరగతిలోనైనా ఖాళీ గ్లాసు నీళ్లలో బోర్లా మునిగితే, అందులోని కాగితం పొడిగా పైకి వస్తే, అది ఆయన సేవకు మిగిలిన గుర్తు. విశ్రాంత జీవితంలో ఆయనకు చూపు తగ్గకూడదనీ, మోకాళ్లు మొరాయించకూడదనీ, సుజాత గారు ఎన్ని కుర్చీలు ఖాళీ చేయించినా ఆయన మళ్లీ పుస్తకాలతో నింపగల ఓపిక చాలాకాలం ఉండాలనీ కోరుకుంటున్నాను. నూరేళ్లూ నిండుగా బతకండి అని రాయడం ఆనవాయితీ. ఖాళీ గదిని కాపాడిన మనిషికి నిండుగా అన్న మాట నప్పదు కాబట్టి, ఎవరూ తెచ్చి ఏదీ పెట్టని కాస్త చోటు ఆయన ప్రతి రోజులోనూ మిగిలి ఉండాలని, ఆ రోజులు లెక్కకు అందనన్ని కావాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.

ఈ వ్యాసాన్ని అచ్చుకు ఇవ్వడానికి వెళ్తూ ఇవాళ మధ్యాహ్నం ప్రయోగశాల వైపు నడిచాను. ఊడవడానికని లచ్చయ్య పొద్దున నా దగ్గర చెవి తీసుకున్నాడు. చీకటి గది తలుపు తీసి ఉన్నది. లోపల నట్టనడుమ, చేయి విరిగిన కుర్చీ ఒకటి ఉన్నది.

"ఆఫీసోల్లు పెట్టిండ్రు సార్. ఒక్కటే గదా," అన్నాడు లచ్చయ్య. "రేపు పొద్దుగాల తీస్తమన్నరు."

కాగితాలు చంకలో పెట్టుకుని, కుర్చీని రెండు చేతులతో ఎత్తి వరండాలోకి మోసుకొచ్చి, వెనక్కి వెళ్లి తలుపుకు తాళం వేశాను.